చీమిడి సంగతి



మన దేహమును గూర్చి ఈ పేజీలో వ్రాసేటప్పుడు కన్ను, చెవి, గుండె వంటి వాటిని తీసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఈ నెల మేము తీసుకున్నది ముక్కులోంచి కారే చీమిడి. దైవసేవకులు వ్రాసే పేజీలో ఇదేమి మాట అని మన స్త్రీల సమాజం పెద్దమ్మలు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వవచ్చును. నవ్వనివ్వండి. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పండ్రెండవ అధ్యాయములో, మనం తక్కువగా చూసే అవయవాలే దేహానికి ఎంత అవసరమో విడమరచి చెప్పాడు. ఆయన చీమిడి పేరెత్తలేదు గాని, ఆ వరుసలో కూర్చోబెట్టడానికి దీనికంటె తగినది మాకు కనబడుట లేదు. పైగా ఈ చీమిడికి మన ధర్పల్లి పొరుగుననే ఒక పెద్ద చరిత్ర ఉన్నది. దానిని చెప్పుటకే ఈ నెల కలం పట్టాము. ముందుగా ఈ పదార్థమేమిటో తెలుసుకుంటే తప్ప ఆ చరిత్ర అర్థం కాదు.

వైద్యులు దీనిని శ్లేష్మము అంటారు. ముక్కులో ఉంటే చీమిడి, రొమ్ములోంచి దగ్గితే వచ్చేది కఫము, మన వైపు మాటలో గల్ల. కడుపులోను, పేగులలోను, కంటి పొరమీద కూడ ఇదే జాతి పదార్థము పలుచగా పరచుకొని ఉంటుంది. బయటి శరీరానికి దేవుడు చర్మమును కప్పాడు. లోపలి దారులకు చర్మము లేదు. గాలి, అన్నము, నీళ్లు అటునుండే పోవాలి గనుక అక్కడ గట్టి తోలు పనికిరాదు. అందుచేత అక్కడ ఈ జిగురు పూత.

ఇందులో నూటికి తొంభై పాళ్లకు మించి నీళ్లే. మిగిలిన కొద్దిపాటిలో లవణములు, క్రిములను చంపే కొన్ని పదార్థములు, మ్యూసిన్ అనే మాంసకృత్తు ఉంటాయి. జిగురుదనం ఈ మ్యూసిన్‌దే. పొడుగాటి దారం వంటి ఆ మాంసకృత్తుకు రెండువైపులా చక్కెర గొలుసులు వ్రేలాడుతుంటాయి. ఆ చక్కెరలే నీటిని పట్టి ఉంచుతాయి. బోధన్ ఫ్యాక్టరీకి చెరకు తోలిన కుటుంబాలకు దీనిని విప్పి చెప్పనక్కర లేదు. ఫ్యాక్టరీ 2015లో మూతబడినా, బెల్లం గుణం ఎవరూ మరచిపోలేదు గదా! వానాకాలంలో మూత సరిగా పెట్టని డబ్బాలో బెల్లం గాలిలోని తేమనంతా లాగుకొని చెమ్మగిల్లి జిగురుగా మారుతుంది. చక్కెరకు నీటిమీద ఉన్న ఆ ఆశ చేతనే చీమిడి ఎండిపోకుండా బంకగా నిలుస్తుంది.

ఇక దాని పని చూడండి. పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో వేసి పాలిష్ పట్టే రోజున ఆ దుమ్ములో నిలబడిన మనిషి సాయంత్రం ముక్కు చీదితే పచ్చగా వస్తుంది. రైస్ మిల్లులో పనిచేసేవారికి తవుడు రంగులో, కట్టెల పొయ్యి ముందు కూర్చున్న తల్లులకు నల్లగా వస్తుంది. బీడీలు చుట్టే అక్కలకు తంబాకు ఘాటు అందులోనే తెలుస్తుంది. అదంతా ఊపిరితిత్తులలోనికి పోవలసిన దుమ్ము. గడప దగ్గరే చీమిడి పట్టుకొన్నది. పట్టుకొని ఊరుకోదు. ముక్కు లోపలి గోడలకు కంటికి కనబడనంత సన్నని నూగు ఉంటుంది. ఆ నూగు సెకనుకు పది సార్లకు పైగా ఒకే దిశగా ఊగుతూ, గాలికి ఊగే వరిచేను వలె, మురికి పట్టిన జిగురును మెల్లగా గొంతువైపు నెట్టుతుంది. రొమ్ములోని నూగు పైకి నెట్టుతుంది, ముక్కులోనిది వెనుకకు నెట్టుతుంది. రెండూ గొంతు దగ్గర కలుస్తాయి. మనకు తెలియకుండానే దానిని మ్రింగుతాము. రోజుకు సుమారు ఒక లీటరు శ్లేష్మము ఈ విధముగా కడుపులోనికి దిగి, అక్కడి ఆమ్లములో పడి, పట్టుకొచ్చిన క్రిములతో సహా అంతమవుతుంది. ఈ మాట అన్నం ముందు కూర్చొని చదువుతున్నవారు మమ్మును క్షమించాలి.

బీడీ, చుట్ట త్రాగేవారి లోపల ఆ నూగు మొద్దుబారి, రాలిపోతుంది. జిగురు ఊరుతూనే ఉంటుంది, నెట్టేవాడు లేడు. అందుకే తెల్లవారుజామున వారి దగ్గు ఆ వీధి అంతటికీ వినబడుతుంది.

చీమిడి క్రిములను పట్టుకోవడమే కాదు, చంపుతుంది కూడా. 1921లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అనే వైద్యుడు తనకు జలుబు చేసినప్పుడు తన చీమిడినే తీసి, క్రిములు పెరుగుతున్న గాజు పళ్లెములో వేశాడు. దాని చుట్టూ క్రిములు కరిగిపోయాయి. ఆ పదార్థానికి లైసోజైమ్ అని పేరు పెట్టాడు. కన్నీళ్లలోను, ఉమ్మిలోను, కోడిగ్రుడ్డు తెల్లసొనలోను అది ఉన్నదని తేల్చాడు. పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగ్ ఈయనే. అది 1928లో, అనగా చీమిడి తర్వాత ఏడేండ్లకు. పిల్లవానికి చీమిడి పచ్చబడగానే సూది వేయించాలని తొందరపడే తల్లిదండ్రులకు ఇక్కడ ఒక మాట. ఆ ఆకుపచ్చ రంగు క్రిములది కాదు, వాటితో పోరాడి చనిపోయిన తెల్ల రక్తకణములది. మామూలు సర్దికి యాంటీబయాటిక్ పనిచేయదు. జ్వరం దిగకపోయినా, ఊపిరి ఆడక డొక్కలు ఎగురుతున్నా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు తీసుకుపోవలసినదే.

కడుపు సంగతి రెండు ముక్కలలో చెప్పి ముందుకు సాగుతాము. మాంసాన్ని సైతం అరిగించే ఆమ్లము కడుపునే ఎందుకు తినివేయదు? లోపలి గోడమీద ఉన్న శ్లేష్మపు పొర అడ్డం నిలిచినందుకు. నాట్ల కాలంలో, చెరకు నరికే కాలంలో ఒళ్లు నొప్పులకని ఖాళీ కడుపున నొప్పి బిళ్లలు రోజూ వేసుకొనేవారికి ఆ పొర పలుచబడి పుండు పడుతుంది. ఆ పొరలోనికి తొలుచుకొని పోయి కాపురముండే హెలికోబాక్టర్ అనే క్రిమి మరొక కారణము. దానిని కనుగొన్న ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎవరూ నమ్మడం లేదని మార్షల్ 1984లో ఆ క్రిములను తానే త్రాగి జబ్బు తెచ్చుకున్నాడు. ఇటువంటి పట్టుదల మన సండేస్కూలు ఉపాధ్యాయులకు ఉంటే బాగుండును!

పశుపక్ష్యాదులకు, జలచరములకు కూడ సృష్టికర్త ఈ పూతను కరువు చేయలేదు. కొర్రమట్టను చేత పట్టి చూడండి, జారిపోతుంది. అందుకే మన ఆడవారు బూడిద చల్లి, బండకు రుద్ది గాని కోయరు. ఆ జిగురు చేపకు చొక్కా వంటిది. బూజు తెగుళ్లను, పురుగులను ఒంటికి అంటనివ్వదు. చేపలు పెంచేవారు పిల్లలను తడి చేతులతో పట్టాలనడం ఇందుకే. పొడి చేతికి ఆ జిగురు ఊడి వస్తే చేపకు తెగులు పడుతుంది. వానపాము తడి చర్మముతోనే ఊపిరి తీసుకొంటుంది, కప్ప దానితో కూడ తీసుకొంటుంది. జిగురు ఎండితే వాటికి ఊపిరి కష్టము. నత్త తాను పరచుకున్న జిగురు బాటమీదనే నడుస్తుంది.

పాడి ఉన్న ఇండ్లలో దీని విలువ రూపాయలలోనే ఉంది. ఆవు ఎదకు వచ్చినప్పుడు తెల్లసొన వలె స్వచ్ఛమైన జిగురు తీగ సాగుతూ తోకకు, తొడలకు అంటుకుంటుంది. ప్రొద్దున కనబడితే సాయంత్రము, సాయంత్రము కనబడితే మరునాటి ప్రొద్దున సూది వేయించాలని పశువైద్యులు చెప్తారు. బర్రె అంత తేలికగా బయటపడదు. అది మూగ ఎద. అరవదు, తీగ కూడ తక్కువ. తెల్లవారుజామున పడుకొని ఉన్నప్పుడు వెనుక నేలమీద చూస్తే తెలుస్తుంది. ఆ ఒక్క ప్రొద్దు నిద్రపోతే మూడు వారాలు ఎదురు చూడాలి, ఆ మూడు వారాల మేత, దాణా దండుగే. తీగ స్వచ్ఛముగా కాక పసుపుపచ్చగా చీము కలిసి ఉంటే గర్భసంచిలో జబ్బు ఉన్నట్టు. అప్పుడు సూది కాదు, వైద్యం కావాలి. గొర్రెలు, మేకల ముక్కులలోంచి చిక్కగా కారుతూ, కళ్లు పుసిగట్టి, పారుడు మొదలైతే అది పీపీఆర్ కావచ్చును. మందలోని మిగతా వాటిని వెంటనే వేరు చేయాలి. దీనికి టీకా ఉన్నది.

ఇక మన పొరుగు చరిత్రకు వద్దాము. ఇంతవరకు చీమిడి కాపలా కాసే సంగతి చెప్పాము. కాపలాదారుని ఇంటిలోనే దొంగ కాపురం పెడితే? కుష్ఠు వ్యాధి విషయంలో జరిగింది అదే. ఆ సంగతిని లోకానికి రుజువు చేసిన పని జరిగినది మన డిచ్‌పల్లిలో.

డిచ్‌పల్లి ఆస్పత్రి పేరు మన తాతల కాలం నుండి విన్నదే. స్కాట్లాండ్ నుండి వచ్చిన డాక్టరు ఇసబెల్ కెర్ దొరసాని, ఆమె భర్త జార్జి కెర్ మెథడిస్టు మిషనరీలు. 1907లో నిజాం రాజ్యానికి వచ్చారు. నిజామాబాద్‌లో ఆమె వైద్యం చేస్తుండగా, ఎక్కడా చేర్చుకోని కుష్ఠు వ్యాధిగ్రస్తులు ఆమె గుమ్మమునకు రాసాగారు. వారి కోసం రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత ధనం ఇచ్చాడు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆస్పత్రి వెలసింది. ఆ కాలంలో ఉన్న మందు చాల్మోగ్రా జాతి చెట్ల గింజల నూనె. దానిని సూదితో ఎక్కించేవారు. కొందరికి గుణమిచ్చేది, కొందరికి ఇచ్చేది కాదు. మందుకంటె ముందు వారికి దొరికినది ఉండడానికి చోటు.

ఈ వ్యాధికి కారణమైన క్రిమిని నార్వే దేశపు డాక్టరు హాన్సన్ 1873లోనే చూశాడు. అయినా అది ఒకరి నుండి మరొకరికి ఏ దారిన పోతుందన్నది ఎడతెగని ప్రశ్నగా నిలిచింది. అందరి కండ్లూ చర్మం మీదనే. మచ్చలు, పుండ్లు, వ్రేళ్లు కనబడుతుంటాయి గనుక, ముట్టుకొంటే అంటుకొంటుందని జనము నమ్మారు. ముక్కును అనుమానించినవారు లేకపోలేదు. 1898లోనే షాఫర్ అనే జర్మను వైద్యుడు ముక్కు పొరలోని పుండ్లను ఎత్తి చూపాడు. ఆ మాట చాలాకాలము మూలన పడి ఉన్నది.

నైజీరియాలో ఈ వ్యాధిగ్రస్తుల మధ్య చాలా ఏండ్లు పనిచేసిన డాక్టరు టి. ఎఫ్. డేవీ అనే మెథడిస్టు మిషనరీ 1960ల చివర డిచ్‌పల్లికి వచ్చాడు. ఆయన, ముక్కు, చెవి, గొంతు వైద్యుడైన ఆర్. పి. ఇ. బార్టన్ కలిసి డిచ్‌పల్లికి వచ్చే రోగుల ముక్కులను శ్రద్ధగా పరీక్షించారు. గొప్ప యంత్రములతో పని కాదు. రోగిని ముక్కు చీదమని, వచ్చినదానిని పరీక్షించడమే. ఎవరూ చేయి పెట్టని ఆ పదార్థములో వారు చూసినదేమి? వ్యాధి తీవ్రరకము ఉండి, మందు పడని మనిషి చీమిడిలో క్రిములు గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఈ క్రిమి నేటివరకు గాజు పళ్లెములో పెరగదు. అది బ్రతికి ఉన్నదో చచ్చినదో తెలియడానికి ఆ రోజులలో ఎలుక అరికాలిలో ఎక్కించి నెలల తరబడి చూడవలసిందే. డేవీ, లండన్‌లో పనిచేసే ఆర్. జె. డబ్ల్యు. రీస్ కలిసి 1974లో ప్రకటించిన లెక్క ప్రకారము, అటువంటి రోగి ముక్కునుండి ఒక్క రోజులో కోటి దాకా బ్రతికి ఉన్న క్రిములు బయటికి రాగలవు. బయటపడిన చీమిడిలో ఒక రోజు దాటి కూడ అవి బ్రతికి ఉండగలవని చూపారు.

ముక్కే ఎందుకు? ఈ క్రిమికి చల్లదనం ఇష్టము. లోపలికి పీల్చే గాలి తగిలి ముక్కు చల్లగా ఉంటుంది. ఎలుక అరికాలు కూడ అందుకే పనికి వచ్చింది. ముక్కు లోపలి పొరలో చేరిన క్రిమి మొదట ముక్కు దిబ్బడ కలిగిస్తుంది, చెక్కులు కడుతుంది, నెత్తురు చారలు వస్తాయి. సర్ది అనుకొని ఏండ్లు గడుపుతారు. చివరకు ముక్కు దూలము అణగిపోయి ఆ మనిషిని దూరం నుండే గుర్తుపట్టే స్థితి వస్తుంది. అప్పుడు ఊరు భయపడుతుంది. ఊరు భయపడవలసిన కాలము దానికి ఎంతో ముందే, ఎవరూ గమనించక గడచిపోయింది. చికిత్స పూర్తయి వ్రేళ్లు పోయిన వృద్ధుడు మందిరములో మూలన కూర్చుంటే ఒత్తిగిల్లి జరుగుతాము. ఆయన నుండి ఎవరికీ ఏమీ రాదు.

ఇక్కడ బోధకులకు ఒక మాట. లేవీయకాండము పదమూడవ అధ్యాయములో కుష్ఠు గలవాడు పైపెదవిని కప్పుకోవాలని ఉన్నది. దీనిని చూపి, సూక్ష్మక్రిముల సంగతి మోషేకు ముందే తెలుసని కొన్ని సభలలో ప్రసంగిస్తున్నారు. మాకు ఆ వ్యాఖ్యానము సరిగా తోచదు. యెహెజ్కేలు ఇరువది నాలుగవ అధ్యాయములో, మీకా మూడవ అధ్యాయములో పెదవి కప్పుకొనుట దుఃఖమునకు, అవమానమునకు గుర్తు. అంతేగాక ఆ హెబ్రీ మాట బట్టకు, ఇంటి గోడకు పట్టిన మచ్చకు కూడ వాడబడినది. మనం నేడు కుష్ఠు అంటున్న ఈ ఒక్క వ్యాధికే అది చెందినది కాదు. లేఖనము చెప్పని విజ్ఞానమును దానిచేత చెప్పించవలసిన అవసరము లేదు. మార్కు మొదటి అధ్యాయములో ప్రభువు ఆ మనిషిని ముట్టుకొన్నాడు, అది చాలును. యోహాను తొమ్మిదవ అధ్యాయములో తన ఉమ్మితో బురద చేసి గ్రుడ్డివాని కన్నులకు పూసిన ప్రభువుకు దేహములోని ద్రవములంటే అసహ్యము లేదు.

నూటికి తొంభై ఐదుమందికి ఈ వ్యాధిని ఎదిరించే శక్తి పుట్టుకతోనే ఉన్నదని వైద్యులు అంటారు. మందు పడని రోగితో ఒకే ఇంట చాలాకాలము ఉన్నవారికే ఎక్కువ ప్రమాదము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సలో రిఫాంపిసిన్ అనే మందు ఉన్నది. దాని మొదటి మోతాదుతోనే క్రిములలో అత్యధిక భాగము చచ్చిపోతుంది. వ్యాధి రకాన్ని బట్టి 6 నెలలు లేదా 12 నెలలు వాడాలి. ఆ కోటి క్రిముల ముక్కు ఇక ఎవరికీ హాని చేయదు. పడక, కంచము వేరు చేయనక్కర లేదు. ప్రభువు బల్ల దగ్గర వేరే గిన్నె అడగనక్కర లేదు. 2005 చివరికి మన దేశములో ఈ వ్యాధి పది వేలమందిలో ఒకరికంటె తక్కువకు దిగినదని ప్రకటించారు. ఆ ప్రకటన విని అది పూర్తిగా పోయిందనుకొన్నవారు చాలామంది. ఇప్పటికీ ఏటా సుమారు లక్షమంది కొత్త రోగులు దేశములో బయటపడుతున్నారు. వారిలో చిన్నపిల్లలు ఉన్నారు. చిన్నపిల్లలకు వచ్చిందంటే, ఆ చుట్టుప్రక్కల ఇంకా ఎవరో మందు లేకుండా ముక్కు చీదుతున్నారని అర్థము.

వారు ఎందుకు దాచుకుంటారో మనకు తెలియనిది కాదు. పెండ్లి సంబంధం తప్పిపోతుందని, కాపురం విరిగిపోతుందని. మన క్రైస్తవ వివాహాలకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టములోనే కుష్ఠు వ్యాధి విడాకులకు ఒక కారణముగా ఉండేది. వ్యాధి నయమయ్యే మందు వచ్చిన తర్వాత కూడ చాలా ఏండ్లు ఆ మాట అందులో ఉండేది. 2019లో పార్లమెంటు చేసిన సవరణతో ఆ చట్టము నుండి, హిందూ, ముస్లిం వివాహ చట్టముల నుండి కూడ దానిని తీసివేశారు. ఈ సంగతి మన సంఘములలో ఎందరు పెద్దలకు తెలుసు? పెండ్లి మాటలలో మధ్యవర్తిగా కూర్చునే ప్రతి సంఘ పెద్ద దీనిని తెలిసికొని ఉండవలెను.

నెలల తరబడి వదలని ముక్కు దిబ్బడ, చీదితే చెక్కులు, నెత్తురు. దానితోపాటు ఒంటిమీద స్పర్శ తెలియని పాలిపోయిన లేదా ఎర్రబారిన మచ్చ, చెవి తమ్మెలు దళసరి కావడం, కనుబొమ్మలు రాలడం, అరచేతిలో, అరికాలిలో తిమ్మిరి, వీటిలో ఏది కనబడినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో చూపించుకోవాలి. వాడకట్టులోని ఆశా కార్యకర్తకు చెప్పినా ఆమె తోడు వస్తుంది. పరీక్షకు గాని, మందుకు గాని డబ్బు తీసుకోరు. ఇంట్లో ఒకరికి తేలితే మిగిలిన అందరూ పరీక్ష చేయించుకోవాలి. వారికి ముందుజాగ్రత్తగా ఇచ్చే ఒక్క మోతాదు మందు కూడ ఇప్పుడు ఉన్నది, అడిగి తీసుకోవచ్చును.